మార్నింగండీ

ఈ ఉదయం రాలిన ఆకుల మీదుగా ఫుట్‌పాత్ పట్టుకుని పోతుంటే నా వెనక ఎవరో హారన్ కొట్టారు. దోమ ముక్కుతో పాడినట్టుండే సన్నటి హారన్. కారుది కాదు, మోటారు సైకిలుదీ కాదు. నేను కూర్చున్నటువంటి బండిదే. కాళ్ళు సహకరించనివాళ్ళు కూర్చుని నడుపుకునే ఈ బ్యాటరీ బండిని ఇక్కడ మొబిలిటీ స్కూటర్ అంటారు. చప్పున పక్కకి తప్పుకున్నాను. కొత్త నీలం స్కూటర్ మీద, ముఖం గంటు పెట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను దాటి వెళ్ళాడు. ఆయన బొటనవేలు ఇంకా హారన్ బటన్ మీదే ఉంది. ఆ వేలిని చూడగానే రాజేశ్వరిగారు జ్ఞాపకం వచ్చారు. ఆవిడే ఉంటే, "చూశావా తమ్ముడూ, నీకో తమ్ముడు పోతున్నాడు" అని ఉండేవారు.

ఆవిడ మీకు తెలియాలంటే ముందు నా సంగతి కొంచెం తెలియాలి. బెజవాడ ఆటోనగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ నడిపినవాణ్ణి నేను. కలకత్తా దాకా, నాగపూర్ దాకా నా మాట మీద లారీలు కదిలేవి. సరే, నడిపినవాణ్ణి కాదు, బుకింగ్ గుమాస్తాని. లారీలు డ్రైవర్ల ఇష్టం మీద కదిలేవి, నేను సరుకుల వేబిల్లులు రాసేవాణ్ణి. కానీ హారన్ల మధ్య బతికానన్న మాటలో మాత్రం కల్తీ లేదు. మా దగ్గర హారన్ అంటే తిట్టు కాదు. వస్తున్నానని చెప్పడం, వెళ్తున్నానని చెప్పడం, బాగున్నావా అనడం, టీ తాగుదామా అనడం, అన్నీ దాంతోనే.

మా ఆవిడ పోయాక మా అమ్మాయి స్రవంతి నన్ను దేశం దాటించి పామర్‌స్టన్ నార్త్‌కి తెచ్చుకుంది. తను ఇక్కడ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. బల్లపరుపు ఊరు, దూరాన కొండల మీద గాలిమరలు, రోజంతా సైకిళ్ళు. వచ్చిన కొన్నాళ్ళకి నాకు పక్షవాతం చిన్నగా తాకి వెళ్ళింది. ఎడమ కాలు ఈడ్వడం మొదలుపెట్టింది. అప్పుడు స్రవంతి ఎవరో వాడి వదిలేసిన మొబిలిటీ స్కూటర్ ఒకటి సంపాదించి, "నాన్నా, ఇకనుంచి నీ కాళ్ళు ఇవే" అని తాళం చేతిలో పెట్టింది.

బెజవాడ బంధువులతో ఫోన్లో, గవర్నమెంటు వాళ్ళు నాకు ప్రత్యేకమైన బండి కేటాయించారని చెప్పాను. లైసెన్సూ అక్కర్లేదు, హెల్మెట్టూ అక్కర్లేదు, అంత నమ్మకం నామీద అన్నాను. పోలీసులు చూసి సెల్యూట్ కొడుతున్నారని కూడా అన్నాననుకుంటాను. నిజానికి లైసెన్సు ఎవరికీ అక్కర్లేదు. ఇక వేగమంటారా, కాలితో తోసుకునే బొమ్మ స్కూటర్ మీద ఒక చిన్నపిల్ల నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

కానీ హారన్ మాత్రం నాదే. నడిచేవాళ్ళ వెనక కొట్టాను, కుక్కల వెనక కొట్టాను, ఎదురొచ్చేవాళ్ళకి పలకరింపుగా కొట్టాను. ఒకరోజు డెయిరీ ముందు, అంటే వీధి చివరి చిన్న కొట్టు ముందు, చేతికర్ర పట్టుకుని పోతున్న ఒక ముసలావిడ వీపు వెనక కొట్టాను. ఆవిడ అదిరిపడి గోడ పట్టుకుంది. చేతిలోని పాల సీసా కింద పడి మూత ఊడింది. ఫుట్‌పాత్ మీద పాలు నా చక్రాల కిందకి పారుకుంటూ వచ్చాయి. ఆవిడ ఆ పొట్టి గోడ మీద కూర్చుని, చేతికర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

కబురు నాకంటే ముందు ఇల్లు చేరింది. స్రవంతి తాళం తీసుకుని వంటింట్లో పై అరలో, పాత ప్రెషర్ కుక్కర్లో పడేసింది.

"ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టు నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను పలకరించానే."

"ఆవిడ పడి తుంటి విరిగుంటే పోలీసులొచ్చేవాళ్ళు. వద్దు. ఎక్కడికి వెళ్ళాలన్నా వీకెండ్ నేను డ్రైవ్ చేసి తీసుకెళ్తాను."

వీకెండ్ దాకా కిటికీ. అప్పుడు తెలిసింది నాకు, ఆ బండి పోతే నాకు మిగిలేది ఆ కిటికీయేనని.

రెండు రోజులకి మా ఇంటి ముందు ఎర్ర స్కూటర్ ఒకటి ఆగింది. దాని వెనక పొడుగాటి కడ్డీకి నారింజ రంగు జెండా. పక్క వీధిలో కొడుకు దగ్గరుండే రాజేశ్వరిగారు. ఉగాది పచ్చడి దగ్గర నమస్కారాలు పెట్టుకున్న పరిచయమే తప్ప అంతకుముందు ఆవిడతో మాట్లాడింది లేదు. నరసాపురం మనిషి. పసితనంలోనే పోలియో. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. మా గుమ్మానికి మెట్టుంది కనుక ఆవిడ లోపలికి రాలేదు. బండి మీదనుంచే పిలిచారు. ఆ గొంతుకి మెట్లు అడ్డం కావు.

"స్రవంతీ, తాళం ఇచ్చేయమ్మా. ఆయన పూచీ నాదండీ."

"ఆంటీ, మీకు ఆయన సంగతి తెలీదు."

"తెలుసమ్మా. లారీ ఆఫీసు. ఊరంతా వినపడుతోంది కదా. నాకు వదిలేయండి, నేను చూసుకుంటాను."

బేరం కుదిరింది. ఆవిడ దగ్గర నేర్చుకోవాలి. తర్వాత ఒక శనివారం స్రవంతి నా వెనక నడుస్తూ చూస్తుంది. హారన్ ఒక్కసారి మోగినా బండి అమ్మకానికే.

చదువు మర్నాడే మొదలైంది. ఆవిడ ముందు, నేను వెనక. ఫుట్‌పాత్ ఉన్నంతసేపూ ఫుట్‌పాతే. చెత్త డబ్బాలు దారి మూసేసిన రోజున తప్పక రోడ్డు మీదకి దిగితే, అంచు వదలకూడదు. దారి దొరగ్గానే మళ్ళీ పైకి ఎక్కెయ్యాలి. మనుషులున్నచోట వాళ్ళు బెదరని వేగం. ప్రతి ఇంటి గేటు దగ్గరా నెమ్మది, ఎందుకంటే కారు వెనక్కి తీసేవాడికి ఇంత కిందుగా కూర్చున్న మనం కనపడం. "జెండా షోకుకి కాదు తమ్ముడూ. నేను కనపడకపోయినా అది కనపడుతుంది."

ఒక విషయం గమనించాను. ఆవిడ అందర్నీ అండీ అనేవారు. గోదావరి జిల్లా వాళ్ళకి అది ఊపిరిలాంటిది. పిల్లలకి అండీ, ప్లంబరుకి అండీ, మా ఇంటికొచ్చే పిల్లిని కూడా "తప్పుకోండి" అన్నారు. నాకు మాత్రం తమ్ముడూ, నువ్వు. అడిగితే, "నీదింకా రాలేదు" అన్నారు.

ఇంకో వింత. ఎవరి వెనకకి వచ్చినా ఆవిడ కొంచెం దూరంలోనే వేగం తగ్గించి, "మార్నింగండీ" అనేవారు. వాళ్ళు తిరిగి చూసి, నవ్వి, పక్కకి జరిగి, "మార్నింగ్, ఆండీ" అనేవారు. వీధి వీధంతా అదే. పోస్టు పంచేవాడికి కూడా ఆవిడ ఆండీయే.

"అక్కయ్యగారూ, మీ పేరు ఆండీ ఎప్పుడయింది?"

"వచ్చిన కొత్తలోనే. ఇక్కడ ఆండీ అని పేర్లుంటాయిగా, నా పేరు చెబుతున్నాననుకున్నారు పాపం. సరిదిద్దుదామనుకుని ఊరుకున్నాను."

"ఏం, రాజేశ్వరి అని చెప్పొచ్చుగా."

"ఎందుకయ్యా. నేను వాళ్ళని అండీ అన్నాను, వాళ్ళు నన్ను అండీ అన్నారు. తెలియకుండానే అయినా మర్యాద తిరిగొచ్చిందిగా."

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. బండి ఆపి, నా వైపు తిప్పుకున్నారు.

"ఇక్కడ రూల్సులో ఒకటుంది, తెలుసా? నడిచేవాళ్ళు మనలాంటి బళ్ళకి ఊరికే అడ్డం నిలబడకూడదట. మావాడు చదివి చెప్పినప్పుడు మళ్ళీ చదవరా అన్నాను. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నేనే అడ్డం. బస్సులో అడ్డం, పెళ్ళిపందిట్లో అడ్డం, సినిమా హాల్లో అడ్డం. మా అన్నయ్య సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆఫీసులో దింపితే, మెట్ల మీద జనం కాళ్ళు విసుక్కుంటూ నన్ను దాటుకుని పోయేవాళ్ళు. అలాంటిది, ఆవిడకి అడ్డం ఉండకండి అని ఒక దేశం రాసుకుంది. నా కోసం రాసిన వాక్యం తమ్ముడూ అది. అంత మర్యాద చేసినవాళ్ళ వీపు మీద హారన్ కొట్టనా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను కానీ మాట కుదరలేదు. ఆవిడ తల వంచి చెవి నావైపు పెట్టారు. టెలిఫోన్ ఆపరేటర్లు జీవితమంతా ముఖాలు చూడకుండా గొంతులు విన్నవాళ్ళు. వాళ్ళ దగ్గర ఏదీ దాగదు.

"లారీ ఆఫీసు అలవాటు కాదుగా ఇది?" అన్నారు మెల్లిగా. "మాట జారుతోందని కదూ హారన్ కొడుతున్నావు."

ఇంతవరకూ మీకూ చెప్పలేదు. పక్షవాతం కాలుతో ఆగలేదు, నాలుక చివర కూడా తాకింది. తెలుగులో ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. ఇంగ్లీషులో 'ఎక్స్‌క్యూజ్ మీ' అంటే సగం నోట్లోనే నలిగేది. ఒకసారి ఒకాయన నేను తాగి ఉన్నాననుకున్నాడు. ఆ తర్వాతే హారన్ నా నోరయింది. బెజవాడ, నాగపూర్, పలకరింపు, అవన్నీ పైన కప్పిన టార్పాలిన్.

"మా రోజుల్లో దూరపు ఊళ్ళకి ట్రంకుకాల్ అంటే లైనంతా గరగరమనేది," అన్నారు రాజేశ్వరిగారు. "అరిస్తే ఇంకా పాడయ్యేది. నెమ్మదిగా చెప్పేవాళ్ళం. అవతలివాళ్ళకి అందకపోతే మళ్ళీ చెప్పేవాళ్ళం. లైను బాలేదని ఫోను పెట్టేయలేదయ్యా ఎవరమూ. ఏదీ, అను."

"మా...నిం..."

"నెమ్మది. ఎవరికీ రైలు తప్పిపోదు."

పార్కు చుట్టూ తిరుగుతూ బాతులకి మార్నింగండీ చెప్పాను. చెట్లకి చెప్పాను. నెల తిరగకుండా నా ఉచ్చారణ విని ఇంగ్లీషువాళ్ళే తలదించుకునే స్థితి వచ్చింది. అంత లేదులెండి. బాతులు ఎగిరిపోవడం మానేశాయి.

శనివారం వచ్చింది. గాలి ఆకుల్ని తరుముతోంది. స్రవంతి చేతులు జాకెట్ జేబుల్లో పెట్టుకుని నా వెనక నడుస్తోంది. రాజేశ్వరిగారు ఇంకా వెనక. డెయిరీ దాటామో లేదో, నా ముందు ఫుట్‌పాత్ మధ్యలో ఒక వీపు, ఒక చేతికర్ర. పాల సీసా ఆవిడే. నా బొటనవేలు తనంతట తనే బటన్ మీదకి పోయింది. తీసేశాను. వేగం తగ్గించాను.

"మానిం..." మాట గాల్లో కలిసిపోయింది. ఆవిడకి వినపడలేదు. వెనకనుంచి నా కూతురు అడుగులు కూడా ఆగిపోయాయి. పారిపోవాలనిపించింది, కానీ గంటకి నాలుగు మైళ్ళ బండి మీద ఎంత దూరం పారిపోతాం. ఆవిడ వెనకే, ఆవిడ నడక వేగంతో, కొంతసేపు పోయాను. తర్వాత నెమ్మదిగా, ఒక్కో అక్షరం పేర్చినట్టు అన్నాను.

"మార్నింగ్... అండీ."

ఆవిడ తిరిగింది. నన్ను గుర్తుపట్టింది. ఒక క్షణం ఆ చేయి కర్రని గట్టిగా పట్టుకుంది. తర్వాత నా వెనక దూరంగా ఊగుతున్న నారింజ జెండా వైపు చూసి, మళ్ళీ నన్ను చూసి, నవ్వింది.

"ఓ, నువ్వు కూడా ఆండీవేనా?"

అవునన్నాను. ఆవిడ పక్కకి జరిగింది. నేను దాటాక వెనకనుంచి స్రవంతి గొంతు వినపడింది. "ఆంటీ, ఈ ఆండీ ఎవరు?" సమాధానం వినపడలేదు కానీ ఇద్దరి నవ్వూ వినపడింది. ఆ నవ్వు మధ్యలో మా అమ్మాయి ముక్కు తుడుచుకోవడం కూడా. తాళం మళ్ళీ కుక్కర్లోకి పోలేదు.

మా వీధి మలుపులో ఫుట్‌పాత్ సన్నబడుతుంది. రెండు బళ్ళు పట్టవు. అలవాటుగా ఆగి ఆవిడకి దారిచ్చాను. రాజేశ్వరిగారు కదల్లేదు.

"వెళ్ళండి," అన్నారు. "ముందు మీరు వెళ్ళండి, ప్రసాదరావుగారండీ."

అప్పుడు నేను ఏడవలేదు. కళ్ళలో గాలి కొట్టింది. గాలి కాదు లెండి.

పోయిన చలికాలంలో ఆవిడ కన్నుమూశారు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన వీధివాళ్ళందరూ "ఆండీ, ఆండీ" అంటుంటే, నరసాపురంనుంచి వచ్చిన బంధువులు, ఈ దొరలందరూ ఆవిణ్ణి ఇంత గౌరవంగా అండీ అంటున్నారేమిటని ఆశ్చర్యపోయారు. నేను సరిదిద్దలేదు. ఆ నారింజ జెండాని వాళ్ళబ్బాయి తెచ్చి నా బండికి కట్టాడు. కొంచెం వెలిసింది. నేను కనపడకపోయినా అది కనపడుతుంది.

ఇంతకీ ఈ ఉదయం సంగతి. నీలం స్కూటరాయన క్రాసింగ్ దగ్గర సిగ్నల్లో ఎర్ర బొమ్మ చూసి ఆగాడు. నేను వెళ్ళి పక్కన ఆగాను. ఆయన బొటనవేలు బటన్ మీదే ఉంది.

"మార్నింగండీ," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. గంటు కొంచెం సడలింది. "మార్నింగ్, ఆండీ. నేను గ్రెగ్," అన్నాడు.

ఆకుపచ్చ బొమ్మ వెలిగింది. "ముందు మీరు వెళ్ళండి," అని తెలుగులోనే చెయ్యి చూపించాను. ఆయనకి అర్థమైంది. వెళ్ళాడు. ఇక హారన్ కొట్టలేదు.

కొట్టలేదన్నానా? అవతలి ఒడ్డుకి చేరాక ఒక్కసారి, చిన్నగా, కొట్టాడు. ఎంతైనా బెజవాడవాణ్ణి. నాకది వెళ్ళొస్తానండీ అన్నట్టే వినిపించింది.