వదిన అడిగిన ఒక్కరోజు

ఆఫీసులో అందరూ ఆవిడను వదిన అనేవారు. ఆవిడ మరిది అక్కడే ముందు చేరి, తర్వాత ఆవిడను చేర్పించాడు. అప్పటి నుంచి ఆ పిలుపు అతుక్కుపోయింది.

మందుల షాపు పైన రెండు గదుల కంపెనీ అది. చూపు లేనివాళ్లకు ఫోనులోని అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాము తయారుచేసేవారు. ఆ గొంతు కామా దగ్గర ఎంతసేపు ఆగాలి, ప్రశ్న చివర ఎంత లేవాలి అన్నది వదిన పని. వంట చేస్తూ కూడా వాక్యాలు గొణుక్కునేది. "ఎవరితో మాటలు?" అని భర్త నవ్వేవాడు.

భర్త ఫొటో స్టూడియో మూతపడ్డాక ఇంట్లో నవ్వులు తగ్గాయి. అప్పుడే ఓ పెద్ద కంపెనీ పిలిచింది. ఇంటర్వ్యూలన్నీ గట్టెక్కాక, జీతం మాట్లాడడానికి అక్కడి అమ్మాయి ఫోన్ చేసింది. కూరల బండి దగ్గర గీచి గీచి బేరమాడే వదిన జీతం ఊసే ఎత్తలేదు. చివరికి వేరే మాట అడిగింది.

"వారంలో ఒక్కరోజు నా పాత పని చేసుకోనిస్తారా?"

"జీతం అడగండి మేడం, అది నా చేతిలో ఉంది. ఆ రోజు నా చేతిలో లేదు."

వదిన నోటికొచ్చినంత అడిగేసింది, కాదంటారేమోనన్న ఆశతో. వాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఇక వద్దనడానికి సాకు మిగల్లేదు.

కొత్తచోట, ఏ ప్రకటన ఎవరికి ఎప్పుడు చూపిస్తే నొక్కుతారో కనిపెట్టే పని. వంక పెట్టడానికేం లేదు, మనుషులు మంచివాళ్లే. ఇల్లు తేరుకుంది, భర్త మళ్లీ కెమెరా పట్టాడు. ఆవిడకే ఏదో వెలితి. వాన పడుతుంటే అద్దాల కిటికీ దగ్గర నిలబడి, పాత గదుల్లో ఇప్పుడు ఏ వాక్యం వింటున్నారో అనుకునేది.

పాత కంపెనీ కోసం ఆ గొంతును విని తప్పులు చెప్పే, చూపులేని మాస్టారు ఒకరు ఉండేవారు. ఒకరోజు ఆయన ఫోన్ చేశారు.

"గొంతు బాగా తేటపడిందమ్మా. కానీ కథ చదివినా, కరెంటు బిల్లు చదివినా ఒకేలా చదువుతోంది."

పక్కనే ఉన్న భర్త ఆ మాట విన్నాడు. "మనకిప్పుడు పర్వాలేదుగా. పాత చోటికే వెళ్లిపో," అన్నాడు.

మర్నాడే పాత యజమానికి ఫోన్ చేసి, జీతం తగ్గినా సరే వస్తానంది. ఆయన ముందు సంతోషించారు. కానీ చదివే గొంతును ఇప్పుడు బయటి కంపెనీ నుంచి కొనుక్కుంటున్నామని, ఆ పనే ఇక్కడ లేదని చెప్పారు.

వదిన ఇంకా పెద్ద కంపెనీలోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు మాస్టారి ఇంటికి వెళ్లి, ఆయన కోరిన కథ తనే చదివి వినిపిస్తుంది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి ఊరికే కూర్చుంటుంది. మాస్టారు తొందరపెట్టరు.