చేతికివ్వని చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం మంచిర్యాల బడిలో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బాపు అన్నం తిని పన్నడు, లేస్తలేడు" అన్నాడు. నేను వంతెన దాటి గోదావరిఖని చేరేసరికి ఇంటి ముందు షామియానా కడుతున్నారు. చిన్నమ్మ నన్ను చూసి ఏడవను కూడా లేదు. "అచ్చినవా బిడ్డా" అని పక్కకు జరిగి చోటిచ్చింది.

చిన్నాయన అంటే మా బాపుకు తమ్ముడు. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయనకున్న ఒక వింత అలవాటు చెప్పాలి. ఆయన ఎవరి చేతికీ ఏదీ ఇచ్చేవాడు కాదు. చాయ ఇవ్వాలంటే గ్లాసు అరుగు మీద పెట్టి "తీస్కో బిడ్డ" అనేవాడు. దసరాకు నాకు కొన్న గౌను మంచం మీద పరిచి తను పక్కకు తప్పుకునేవాడు. చంటివాడిగా ఉన్న కొడుకును కూడా మంచం మీద పడుకోబెడితేనే చిన్నమ్మ ఎత్తుకోవాలి. కాలనీ పిల్లలం ఇది చూసి తెగ నవ్వుకునేవాళ్లం. నేనైతే బలపం నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, గొంతు మార్చి "తీస్కో బిడ్డ" అని అందరినీ నవ్వించేదాన్ని. ఒకసారి నా వెనకే నిలబడి అదంతా చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు.

నాకు లెక్కలు నేర్పింది ఆయనే. చింతగింజలు నేల మీద వరసగా పేర్చేవాడు, నేను ఏరుకుంటూ లెక్కపెట్టేదాన్ని. తప్పు చెబితే కసిరేవాడు కాదు, మళ్లీ పేర్చేవాడు. ఈ రోజు పది మంది నన్ను లెక్కల మేడమ్ అంటున్నారంటే అది ఆయన చలవే.

ఎవరైనా హడావుడిగా బయల్దేరితే మాత్రం ఆయనకు చెమటలు పట్టేవి. "లేటయితే రేపు పో బిడ్డ, కొంపలేం మునుగుతలేవు" అనేవాడు. నా పదో తరగతి పరీక్ష రోజు కూడా అదే మాటంటూ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆయన్ని నెట్టేసి పరుగెత్తాను. అప్పటికి బాపు పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు దవాఖానలో ఆయా ఉద్యోగం వచ్చింది. రోజూ సాయంత్రం అమ్మ డ్యూటీ దిగే వేళకు చిన్నాయన చౌరస్తాలో నిలబడి ఉండేవాడు. దూరం నుంచి అమ్మ కనపడగానే వెనక్కి తిరిగేవాడు, పలకరించేవాడు కాదు. తన మీద నిఘా పెట్టాడని అమ్మ మండిపడేది. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

తండ్రి లేని పిల్లను కనక నా పెళ్లిలో అప్పగింతలు చేయాల్సింది చిన్నాయనే. నా చేతిని అత్తగారివాళ్ల చేతుల్లో పెట్టాలి. కొత్త ధోతి కట్టుకుని పొద్దున్నుంచీ పందిట్లోనే తిరిగాడు. తీరా పంతులు పిలిస్తే మనిషి లేడు. చివరికి మా మేనమామ ఆ తంతు కానిచ్చాడు. ఆ పిల్లను సాగనంపడానికి సొంత చిన్నాయనకు చేతులు రాలేదా అని ఆడవాళ్లు గుసగుసలాడుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఐదేళ్లు ఆయన గడప తొక్కలేదు. తర్వాత కూడా వెళ్లానంటే చిన్నమ్మ ముఖం చూసే వెళ్లాను.

రెండేళ్ల కిందట ఆయనకు గుండెనొప్పి వచ్చిందంటే చూడటానికి వెళ్లాను. ఆ రోజు వంటింట్లో చిన్నమ్మ అసలు సంగతి చెప్పింది.

చిన్నాయనది బొగ్గుగనిలోనే ఉద్యోగం గాని, బాయి దిగే కార్మికుడు కాదు. పైన ల్యాంపు రూంలో పని చేసేవాడు. బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ దగ్గర టోపీకి పెట్టుకునే ల్యాంపు తీసుకోవాలి, అది లేనిదే కిందికి పోవడానికి లేదు. ఆలస్యంగా వస్తే ల్యాంపు ఇవ్వరు, ఇంటికి పోవడమే. ఒకరోజు మొదటి షిఫ్టుకు, అదే బాయిలో దిగే మా బాపు ఆలస్యంగా వచ్చాడు. అన్న బతిమాలుతుంటే తమ్ముడు కాదనలేకపోయాడు. మూయబోయిన కిటికీ తెరిచి ల్యాంపు చేతికిచ్చాడు. మధ్యాహ్నానికి లోపల పైకప్పు కూలింది. అప్పటికి నాకు ఏడేళ్లు.

బాపును పైకి తెచ్చినప్పుడు గేటు దగ్గర అమ్మ చిన్నాయన చొక్కా పట్టుకుందట. "నువ్వు ల్యాంపు ఇయ్యకపోతే నా మొగడు ఇంటికొస్తుండె" అందట. చిన్నమ్మ పక్కనే ఉండి విన్నది. ఆ నెలలోనే ఆయన వేరే పనికి మార్పించుకున్నాడు. బాయిలో దిగనివాడికి ఏం భయమని తోటివాళ్లు ఎగతాళి చేశారు. దెబ్బలు తగిలినవాళ్లను దవాఖానకు తీసుకుపోయారు. ఒంటి మీద గీత కూడా పడని మనిషిని ఎవరు తీసుకుపోతారు? మీ వాడలోనూ అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉండే ఉంటారు. మేము నవ్వాం. మీరు నవ్వకండి.

ఆ రోజు వంటింట్లోంచి నేరుగా ఆయన మంచం దగ్గరికి వెళ్లి, ఇందులో నీ తప్పేమీ లేదని చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగాడు.

"నువ్వంటే ఏమొస్తది బిడ్డ. అనాల్సింది మీ అమ్మ" అన్నాడు.

జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. అమ్మతో మాట్లాడతానని మాటిచ్చి వచ్చాను. మాట్లాడలేదు. అమ్మకు బీపీ అనుకున్నాను, బడిలో పరీక్షలు అనుకున్నాను, బతుకమ్మ వెళ్లాక చూద్దాం అనుకున్నాను. అవన్నీ సాకులు. అమ్మ మళ్లీ అదే మాట అంటుందేమోనని నా భయం. అప్పుడు ఆయనకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఆ రెండేళ్లలో నేను వెళ్లినప్పుడల్లా ఆయన నా ముఖంలోకి చూసేవాడు. నేను వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడి లేచి వచ్చేదాన్ని.

ఆయన పోయిన మూడో రోజు పొద్దున అమ్మకు జడ వేస్తూ అంతా చెప్పేశాను. అమ్మ నా చేతిలోంచి జడ లాక్కుని ఇటు తిరిగింది.

"నేనట్లన్ననా?" అని అడిగింది. "ఆ దినం ఎవలో నీళ్లు తాపిన్రు. గంతే బిడ్డా, ఇంకేం యాదికి లేదు. గంత మాట అన్ననా నేను?"

చిన్నమ్మ విన్నదని చెప్పాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, "రెండేండ్ల సంది ఎందుకు చెప్పలేదే? పాక్కుంటనన్న పోయి చెప్తుంటి గదనే" అంది.

ఆ రోజే గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. అన్నం, మటన్ కూర, గ్లాసులో చాయ పెట్టాం. కాకులు దూరంగా కరెంటు తీగ మీద ఉన్నాయి గాని కిందికి దిగలేదు. చిన్నమ్మను మంచిగా చూసుకుంటానని చిన్నాయన కొడుకు మొక్కాడు. మనవలను చదివిస్తామని కోడలు మొక్కింది. అప్పుడు అమ్మ మోకాళ్లు పట్టుకుని ముందుకు వచ్చి ఇసుకలో కూలబడింది.

"తమ్మీ, నీ తప్పు లేదు. దుఃఖంల ఏమన్ననో నాకే ఎరుక లేదు. నువ్వు గిన్నేండ్లు మోసినవు. ఇగ తిను తమ్మీ."

ఎండ ముదిరింది. కాకి రాలేదు. ఇక చాలు, విస్తరి ఆవుకు పెట్టి పోదామని పెద్దవాళ్లు అన్నారు. ఒక్కొక్కరే బండ్ల వైపు నడిచారు. అమ్మ లేవలేదు. విస్తరిని కాస్త దగ్గరికి జరుపుకుని, దాని మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుతూ అక్కడే కూర్చుంది.