మొవ్వ కోసిన మట్టల ఆదివారం

మొన్న ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు మనవరాలు గుడి నుంచి వస్తూనే నా చేతిలో ఓ పచ్చటి మట్ట పెట్టింది. తడిమి చూస్తే ప్లాస్టిక్కు. వాడిపోదు జేజీ, వచ్చే ఏటికీ పనికొస్తుందని దాని సంబరం. మా వైపు నాయనమ్మను జేజి అంటాం కదా, ఆ పిలుపుకే నా మనసు బేతంచెర్ల దగ్గరి మా ఊరి వంకలోకి, అదే వాగులోకి, మా జేజి దగ్గరికి పోయింది.

అవి తెల్లదొరల పాలన చివరి రోజులు, యుద్ధకాలం. మా పేటలో అందరం క్రైస్తవులమే. ఎండాకాలం వస్తే చేలల్లో పని ఉండదు, నాపరాతి గనుల్లో అందరికీ కూలి దొరకదు, అప్పుడు మమ్మల్ని సాకేవి వంకలోని ఈతచెట్లే. జేజి ఆ ఆకుతో చాపలూ గంపలూ అల్లి, సంతలో అమ్మి, మా కడుపులు నింపేది. కింది మట్టలే కోయాలి, నడినెత్తిన ఉండే లేత మొవ్వ జోలికి పోతే చెట్టే చచ్చిపోతుంది అన్నది ఆమెకు పదకొండో ఆజ్ఞ.

ఆ ఏడు కోస్తా నుంచి కొత్త పాస్టరయ్య వచ్చాడు. మంచి మనిషే, పాట ఎత్తుకుంటే రాళ్లు కరగాల్సిందే. అయితే పచ్చని కొబ్బరితోటల మధ్య పెరిగినవాడు కనుక, మట్టల ఆదివారానికి తెల్లని లేతాకుతో ఇంటింటికీ సిలువలు అల్లిద్దామని ముచ్చటపడ్డాడు. దేవుని పనికి కోస్తే దేవుడే మళ్లీ చిగురు పెట్టిస్తాడని నమ్మి, జేజి సంతకు పోయిన రోజు చూసి, మా పేట పడుచువాళ్లు వంకలోని చెట్లన్నిటి మొవ్వలూ నరికి తెచ్చారు. ఊరేగింపు ఎంత అందంగా జరిగిందో చెప్పలేను. జేజి మాత్రం తన సిలువను అటూ ఇటూ తిప్పి చూసి, అది మొవ్వాకని పోల్చుకుని అరుగు మీద పెట్టేసింది.

చిగురు రాలేదు. తొలకరి లోపలే చెట్లన్నీ తలలు వాల్చేశాయి, మా ఇంట్లో సంగటి ముద్ద చిన్నదైపోయింది, ఇక వలస పోవడమే దారి అని పేటలో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడొక ఆదివారం, గుడిలో దేవుడు చేసిన మేళ్లను అందరి ముందూ సాక్ష్యంగా చెప్పుకునే వేళ, ఎన్నడూ నోరు విప్పని మా జేజి లేచి నిలబడింది.

“ప్రభువు గాడిదెక్కి వస్తాంటే జనం మట్టలు పరిచినారు గానీ చెట్టు పానం తీయలేదప్పా. ఆయప్ప చేసిన చెట్టును ఆయప్ప పేరు చెప్పే సంపినాం. రేపు అడిగితే ఏం చెప్తాం?”

పాస్టరయ్య ఆ వారమే పొరుగూళ్లు తిరిగి ఈతపండ్లు ఏరుకొచ్చి, తొలి వాన పడగానే అందరితో వంక పొడుగునా గింజలు పాతించాడు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ ఆదివారం ఆరాధన కాగానే ఇంటికో కడవ నీళ్లు వాటికి పోశాకే తిండి. తాగే నీళ్లకే మైలు దూరం నడిచే ఊళ్లో అదేమంత తేలిక కాదు, అయినా పేట ఖాళీ కాలేదు, ఎవరూ వలస పోలేదు. అర్ధాకలితో నెట్టుకొస్తూనే అందరూ ఆ మొక్కల మీదే ఆశ పెట్టుకున్నారు.

ఈతమొక్క ఎదుగుదల మహా నిదానం. వాటి ఆకుతో ఒక్క చాపైనా అల్లకుండానే జేజి కన్నుమూసింది. మంచాన పడి కూడా నీళ్లు పోసినారా అనే అడిగేది. ఆమెను మట్టి చేసి వస్తూ పేటంతా కడవలెత్తుకుని వంక దారే పట్టింది.

ఆ చెట్లు మా పిల్లల కాలం దాకా మమ్మల్ని సాకాయి. ఇప్పుడు వంకలో ఇసుకంతా తోడేశారు, చెట్లూ లేవు. మనవరాలు ఆ మట్టను గోడకు తగిలించుకుంది. నిజమే, అది వాడదు, దానికి నీళ్లూ అక్కర్లేదు. ఆరాధన కాగానే అందరం నేరుగా ఇంటికొచ్చి అన్నం తినేస్తున్నాం.