డబ్బాలో వాన

ఎనభైల్లో ఒక తిక్క పని నెత్తినేసుకున్నాను. మూడు దేశాల పంతుళ్లం కలిసి, పీహెచ్‌డీ చేసే పిల్లలకు రెండు వారాల బడి నడపాలని. బడిలో చెప్పే పాఠమంతా కరువు గురించే. దానికి మా అనంతపురం కంటే మంచి చోటు యాడ దొరుకుతాది? ఉత్తరాలు రాసుకునేదానికే ఏడాది పట్టింది. పన్నెండుమంది దొరపిల్లలు దిగినారు. మొదటి పూట సంగటి ముద్ద చూసి, ఇది తినేదా, గోడకు పూసేదా అని అడిగినారు. తినేదేనని నేనే తిని చూపించినాను.

మన తరఫున ఒకే పిల్ల, ధర్మవరంలో మగ్గం నేసే ఇంటిది. నాలుగేండ్ల కింద బెళుగుప్ప పక్క పల్లెలో ఒక పెద్దాయన చేనిగట్టున వాన కొలిచే డబ్బా పెట్టించి, రోజూ ఆయనతోనే లెక్క రాయిస్తాండాది. థీసిసంతా ఆ నోటుబుక్కు మీదే నిలబడింది. అది చూపించాలనే ఒకరోజు అందర్నీ జీపుల్లో వేసుకొని పోయినాను.

నెలన్నరగా చినుకు లేదు. అడుగేస్తే దుమ్ము మోకాళ్లదాకా లేస్తాంది. గరాటు తీసి చూస్తే డబ్బాలో సగానికి నీళ్లు! మాతో బడి నడిపే దొర పంతులు ఆకాశం చూసినాడు, నేల చూసినాడు, తక్కిన నాలుగేండ్ల లెక్కా ఇట్లాంటిదేనా అని మెల్లిగా అడిగినాడు. ఆ పిల్ల వంగి డబ్బాలోకి మళ్లీ మళ్లీ చూస్తాండాది. చదువంతా మట్టిపాలేనని నాకూ తెలిసిపోయింది.

నాకు ఒళ్లు మండింది. డబ్బా పక్కనే నిలబడిన చేను పెద్దాయన్ను, నీళ్లు పోసింది నువ్వేనా అని, పెద్దమనిషని చూడకుండా నోటికొచ్చినట్ల తిట్టినాను. ఆయన బెదరనేలేదు. ఖండాలు దాటి వాన చూడనొచ్చినోళ్లు వట్టి డబ్బా చూసి పోతే ఊరికి నామర్దా అని, పొద్దున్నే చెంబెడు పోసినాడంట. అదీ దూరాన్నుంచి మోసుకొచ్చుకున్న తాగే నీళ్లు. దాన్ని దొరకు ఇంగ్లీషులో చెప్తాంటే నాకే సిగ్గేసింది.

మరి ఈ పాప కోసం ఎన్నిసార్లు పోసినావని అడిగినాను. అప్పుడొచ్చింది ఆయనకు కోపం.

"ఏమప్పా, ఈ పాప మన బిడ్డ. ఈమెకు కావాల్సింది లెక్క. మీరు చుట్టాలు, మీకు చేయాల్సింది మర్యాద. రెండూ కలిపేంత తిక్కోణ్ణా నేను?"

ఇంటికి పోయి నోటుబుక్కు తెచ్చి దొర చేతిలో పెట్టినాడు. దొర పేజీ వెనక పేజీ తిప్పుతాండాడు. ఆ పిల్ల పక్కనుంచి తొంగి చూస్తాండాది. వారాలకు వారాలు సున్నాలు, యాడో ఒకచోట వాన. ఆఖరి పేజీలో ఆ పొద్దుటి తేదీ ఉండాది. నీళ్లు పోసిన చేత్తోనే దాని ముందర కూడా సున్నా రాసిపెట్టినాడు.