ఉప్పు ప్యాకెట్టు బరువు

నేను మధ్యాహ్నం నిద్రలో ఉండగా మా ఆయన వచ్చి ఎడమ భుజం తట్టి లేపారు.

“లెయ్. అమ్మ పొయ్యింది” అన్నారు.

లేచి కూర్చున్నాను. అప్పుడు నాకు కలిగిన మొదటి ఆలోచన చెప్పుకోవడానికి బాగుండదు. ఇంకొక్క గంట పడుకోనిస్తే బాగుండునే అనిపించింది. నెలల తరబడి ఆఫీసుకీ అత్తయ్య మంచానికీ మధ్య తిరుగుతూ ముక్కలు ముక్కలుగా నిద్రపోయిన దాన్ని. ఆ మాట లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. దిగాక, ఆయన తట్టిన చోట చెయ్యి వేసుకుని చూసుకున్నాను. మా ఇంట్లో ఎవరూ నన్ను కుడి భుజం తట్టి పిలవరు. ఆపరేషన్ అయి రెండేళ్లు దాటినా పిల్లలు కూడా చుట్టు తిరిగి ఎడమ పక్కకే వస్తారు. ఆ అలవాటు ఇంటిల్లిపాదికీ నేర్పింది మా అత్తయ్యే.

మాది చూలైలో పాత ఇల్లు. కింద ఇనుప సామాన్ల టోకు దుకాణం, పైన కాపురం. మేకులు, బోల్టులు, గొలుసులు. మా ఆయన తాతగారు మొదలుపెట్టిన వ్యాపారం. నేను గుంటూరు నుంచి ఉద్యోగానికి ఈ తమిళ నగరానికి వచ్చి ఈ ఇంటి కోడలినయ్యాను. అత్తయ్య ఈ ఊళ్లోనే వ్యాసర్పాడిలో పుట్టి చూలైకి కాపురానికి వచ్చారు. కూరగాయలావిడతో తమిళం, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ. నా మాట తీరు ఆవిడకి మొదట్లో నవ్వులాటగా ఉండేది. “టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతాది మా కోడలు” అని చుట్టాలకి చెప్పేవారు.

నలభై దగ్గర పడుతుండగా, నడుం నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే నేను బరువులెత్తడం మొదలుపెట్టాను. పురసవాక్కంలో ఒక మేడ మీద చిన్న జిమ్ము. నొప్పి తగ్గింది గాని నేను మానలేదు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని చేసే పనిలో ఏది అయిందో ఏది కాలేదో తెలియదు. అక్కడ ఇనుము నేల మీద నుంచి లేస్తుంది, లేదా లేవదు. అది నాకు నచ్చింది. అత్తయ్యకి మాత్రం బొత్తిగా మింగుడు పడలేదు.

“ఏమ్మే, మూడు తరాలుగా ఇనప సామాను అమ్ముకోని బతకతా ఉండాము. మొయ్యను మనుషులు ఉండారు. నువ్వు దుడ్డిచ్చి పొయ్యి ఆడ ఇనుము మోసేదేంది?”

నేను నవ్వేసి వెళ్లిపోయేదాన్ని.

భుజంలో నొప్పి అంతకుముందు నుంచే ఉంది. తగ్గుతుందిలే అనుకుంటూ లాక్కొచ్చాను. ఒక సాయంత్రం కడ్డీని తలపైకి ఎత్తుతుంటే లోపల తడిగుడ్డ చిరిగినట్టయింది. కండను ఎముకకు కట్టి ఉంచే పట్టు తెగిందనీ, కుట్టాల్సిందేననీ డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చేసి, నడుముకి ఒక దిండు కట్టి, దాని మీద చెయ్యి ఆనించి, పట్టీ బిగించి ఇంటికి పంపారు. నెలన్నర దాకా ఆ చేతిని నా అంతట నేను ఎత్తకూడదు.

నేను ముందే చెప్పలేదా అని అత్తయ్య అంటారని ఎదురు చూశాను. అనలేదు. గుమ్మంలో నన్ను చూసి, “ఏ పక్కన పండుకోవాలంట?” అని మా ఆయన్ని అడిగారు. పడుకోకూడదు, వాలి కూర్చునే నిద్రపోవాలి అని తెలిశాక, హాల్లో ఉన్న మామయ్యగారి పడక్కుర్చీని నా గదిలోకి లాగించారు. మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు.

మర్నాటి నుంచి నా ఒళ్లు ఆవిడ చేతుల్లోకి వెళ్లిపోయింది. నా అంతట నేను జాకెట్టు హుక్కు పెట్టుకోలేను, జడ వేసుకోలేను. స్నానం చేయించడానికి ఎవరినైనా నర్సుని పెట్టుకుందాం అన్నాను.

“నర్సు ఎందుకు మే? నేను సచ్చినానా?” అంటూ చెంబు బకెట్లో ముంచారు.

సిగ్గుతో ముడుచుకుపోయాను. ఆవిడ కుట్ల చోటు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, నా వీపు రుద్దుతూ, పక్కింటివాళ్ల మోటారు పాడైన సంగతి చెప్పుకుంటూ పోయారు. నా సిగ్గు ఆవిడ పట్టించుకోలేదు. రెండు మూడు రోజులకి నేనూ పట్టించుకోవడం మానేశాను. జడ మాత్రం బిగించి వేసేవారు, కళ్లు పైకి లాక్కుపోయేలా. “వదులుగా వెయ్యండి అత్తయ్యా” అంటే, “చుమ్మా ఉండు, కదలబాకు” అనేవారు.

డాక్టరు చెప్పిన జాగ్రత్తల్ని నాకంటే ఆవిడే పట్టుగా పాటించారు. పిల్లలు పరిగెత్తుకుని వస్తే మధ్యలో నిలబడేవారు. ఒకసారి నేను పరధ్యానంగా కుడి చేత్తో గ్లాసు అందుకోబోతే, ఆ గ్లాసు లాక్కుని అన్నారు: “ఆ చెయ్యి నీది కాదనుకో. పక్కింటోళ్ల కాడ అడిగి తెచ్చుకున్నావనుకో. అట్ట చూసుకో.” తరువాత చాలా రోజులు నేను ఆ చేతిని అలాగే చూసుకున్నాను. దిండు మీద పడి ఉన్న ఆ చెయ్యి నిజంగానే ఎవరిదో అనిపించేది.

పట్టీ తీసేశాక అసలు కష్టం మొదలైంది. చెయ్యి బిగుసుకుపోయింది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లను చీమలు పాకినట్టు పైకి పాకించాలి. నొప్పి పుట్టే చోట ఆగి, అక్కడే పట్టి ఉంచాలి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఎంతసేపు ఉంచాలో చెప్పి వెళ్లేది. నేను తొందరగా దించేసేదాన్ని. అది కనిపెట్టి అత్తయ్య ఒక ఉపాయం చేశారు. నా చెయ్యి గోడ మీదికి పాకగానే ఒక కథ మొదలుపెట్టేవారు.

“మా చిన్నాయన కూతురు పెండ్లిలో ఏమైందో తెలుసునా? కథ అయిందాకా కదలబాకు.”

ఆవిడ కథలు సూటిగా నడవవు. పెళ్లి గురించి మొదలై, పందిరి వేసినతని గురించి, అతని మేకల గురించి, ఆ మేకలు వ్యాసర్పాడి రైలు పట్టాల మీదికి పోయి గూడ్సు బండిని ఆపించిన సంగతి దాకా వెళ్లేవి. నేను గోడకి నుదురు ఆనించి, కళ్లల్లో నీళ్లు కారుతుండగా, “మేకలు సరే, పెళ్లి అయిందా లేదా?” అని అడిగేదాన్ని. “ఆడికే వస్తా ఉండాను” అనేవారు. ఆ పెళ్లి అయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నెలలు గడిచాయి. చెయ్యి తలపైకి లేచింది. నెమ్మదిగా బరువులు మొదలుపెట్టవచ్చని డాక్టరు అన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, మళ్లీ జిమ్ముకి వెళ్తానని.

అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయారు. కోప్పడతారనుకున్నాను. అలా కోప్పడినా బాగుండేది.

“మళ్లా తెగితే నేను చెయ్యలేను” అన్నారు. “నాకు ఓపిక లేదు మే. నిజంగా లేదు.”

అప్పుడే ఆవిడ ముఖం సరిగ్గా చూశాను. డెబ్బై దాటిన మనిషి. మెట్లెక్కితే మధ్యలో ఒకసారి ఆగుతున్నారు. అప్పటిదాకా నేను గమనించనే లేదు.

“నాకు మాత్రం ఓపిక ఎక్కడుంది అత్తయ్యా?” అన్నాను. “కాని ఇప్పుడు మానేస్తే ఈ చెయ్యి ఎప్పటికీ భయపడుతూనే ఉంటుంది. గ్లాసు ఎత్తాలన్నా భయమే, పిల్లని ఎత్తుకోవాలన్నా భయమే.”

ఆవిడ అన్నం తినడం పూర్తి చేశారు. మరి రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం నేను బయలుదేరుతుంటే, పెళ్లిళ్లకి కట్టే పట్టుచీర కట్టుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

“పద. నేనూ వస్తా. ఆడ ఏం జరగతాదో చూడాల.”

జిమ్ము మెట్లు రెండుసార్లు ఆగి ఎక్కారు. మా కోచ్ నడివయసు తమిళావిడ. ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టింది. చెమట కారుతున్న మగపిల్లలందరూ పట్టుచీర కట్టుకున్న పెద్దావిడని చూసి పాటల మోత తగ్గించారు. కోచ్ నా చేతిలో అన్నిటికంటే చిన్న డంబెల్ పెట్టింది, గులాబీ రంగుది. ఒక కిలో.

ఒకప్పుడు నా ఒంటి బరువంత ఇనుమును నేల మీద నుంచి లేపిన దాన్ని. ఆ కిలో బరువును పక్కకి చాచి భుజం ఎత్తు దాకా లేపేసరికి చెయ్యి వణికింది. అద్దంలో ఆ వణుకు కనిపిస్తోంది. వెనక కుర్చీలో అత్తయ్య కూడా కనిపిస్తున్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చేశాను. ఇంత నొప్పి, ఇన్ని నెలలు, ఇంతమంది శ్రమ, అంతా కలిపి ఒక్క కిలో. అత్తయ్య నా వైపు తిరిగారు.

“ఉప్పు ప్యాకెట్టు అంత ఉండాది గదా అది?” అన్నారు.

“అవును.”

“సరి. రేపు కూడా ఉప్పు ప్యాకెట్టే ఎత్తు. ఎల్లుండి కూడా అదే ఎత్తు. దానికి ఏడ్చేదేంది?”

అప్పటి నుంచి నేను ఇంటికి రాగానే అదే ప్రశ్న. ఈ పొద్దు ఏం ఎత్తినావు? అంకెలు చెబితే ఆవిడకి నచ్చేది కాదు, వంటింటి లెక్కలో చెప్పాలి. ఉప్పు ప్యాకెట్టు చాలా వారాలు నడిచింది. తరువాత నూనె డబ్బా అయింది. అయిదు కిలోల బియ్యం సంచి రోజున పాయసం చేశారు. జిమ్ముకి వెళ్లడం మంచిదని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. “ఎందుకో ఆ కర్మ” అంటూనే గిన్నెలో పాయసం పోశారు.

నిరుడు ఆవిడ గుండె నీరసించింది. కాళ్లకి నీరు చేరింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. మామయ్యగారి కుర్చీలో ఈసారి రాత్రిళ్లు ఆవిడ నిద్ర. ఆసుపత్రి, ఇల్లు, మళ్లీ ఆసుపత్రి. నేను ఆఫీసు పని ఇంటి నుంచి చేస్తూ, మీటింగుల మధ్య మందులిస్తూ, ఆవిడకి స్నానం చేయించేదాన్ని. సిగ్గుపడతారేమో అనుకున్నాను. పడలేదు. నన్ను మాత్రం ఎడమ చెయ్యి అందేలా రమ్మనేవారు. “ఆ చెయ్యి వేండాం. ఈ పక్కకి రా.” ఊపిరి అందనప్పుడు కూడా ముందు అదే మాట.

ఒక పొద్దున బాత్రూములో కూలబడిపోయారు. ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన సరుకు చూడడానికి ఊరి చివర మనలికి వెళ్లారు. నేను ఎదురుగా మోకాళ్లు వంచి, ఆవిడ చంకల కింద రెండు చేతులూ పోనిచ్చాను.

“ఆ చెయ్యి వొద్దు!” అన్నారు.

“మాట్లాడకండి. నా మెడ పట్టుకోండి.”

ఊపిరి బిగబట్టి, వీపు నిటారుగా ఉంచి లేచాను. ఆవిడ కూడా లేచారు, తడి చీరతో, నా మీద వాలి. భుజం కలుక్కుమంటుందని ఎదురు చూశాను. అనలేదు. మంచం మీద కూర్చోబెట్టాక ఇద్దరం చాలాసేపు ఆయాసపడుతూ ఉండిపోయాం.

“చెయ్యి?” అని అడిగారు.

“బాగానే ఉంది.”

“ఎంత బరువు ఉండాను?”

“గ్యాస్ సిలిండరు. ఒకటిన్నర.”

నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, “అంతే మిగిలినానా” అన్నారు. ఆవిడ తల తుడిచాను.

చివరి నెలల్లో నేను జిమ్ముకి వెళ్లడం దాదాపు మానేశాను. వెళ్లడానికి వేళ చిక్కినా ఒళ్లు సహకరించేది కాదు. ఒక సాయంత్రం ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుని గోడకి జారగిలబడ్డాను. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

“అలిసినానని చెప్పను సిగ్గేంది మే?” అన్నారు. “చెప్పు. చెప్పేసి కూచో. నేను కూడా అలిసినా.”

“అలసిపోయాను అత్తయ్యా” అన్నాను.

“ఆఁ, అట్ట చెప్పు” అన్నారు.

ఇద్దరం అలా కూర్చున్నాం. కింద దుకాణంలో గొలుసులు తూస్తున్న చప్పుడు వస్తోంది. ఎవరి బాధా తగ్గలేదు గాని, మా ఇద్దరికీ మధ్య దాచుకునేది ఏమీ లేకపోయింది. ఆ ఇంట్లో నేను అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న సాయంత్రం మరొకటి లేదు.

పోయాక ఇల్లంతా చుట్టాలు. కార్యక్రమాలన్నీ అయ్యి, ఒక్కొక్కరే వెళ్లిపోయాక, సాయంత్రం డాబా మీదికి వెళ్లాను. తీగ మీద ఆవిడ నీలం నూలుచీర కనిపించింది. ఆవిడ పోయిన రోజు పొద్దున ఉతికి ఆరేసి, కిందికి వచ్చి పడుకున్నాను. ఆ తరువాత ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యలో ఒక వాన కూడా పడింది. తడిసి, ఆరి, అట్టలా అయింది.

రెండు చేతులూ ఎత్తి తీశాను. మడత పెడుతుంటే మా ఆయన పైకి వచ్చారు. చీర రెండో కొసలు పట్టుకున్నారు. ఆయన ఎన్నడూ చీర మడత పెట్టిన మనిషి కాదు. అంచులు కలవడం లేదు. “ఇంకొంచెం పైకి పట్టుకోండి” అన్నాను.

పైకి పట్టుకున్నారు. చీర ఆయన ముఖానికి అడ్డం వచ్చింది. ఇటు నుంచి నాకు ఆయన వేళ్లు, పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అన్ని రోజులుగా వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేస్తూ, కాఫీలు చెబుతూ ఒక్కసారి కూడా ఏడవని మనిషి. అవతలి కొస సన్నగా వణకడం మొదలైంది.

కాసేపటికి నా భుజం పీకడం మొదలైంది. ఆయన చీర దించేదాకా చేతులు అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.