సీలు విప్పని బొమ్మ

మా అత్తగారు పోయారు. ఆసుపత్రి నుంచి మావారు ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "ఇంకో డాక్టర్ని పిలిచి చూపించారా?" అని అడిగాను. అవతల ఆయన, "అమ్మ కూడా గిదే అడిగేది" అన్నారు. అప్పుడు కూలబడి ఏడ్చాను.

ఈ ఊళ్ళో సూపర్‌హీరో బొమ్మలు సేకరించే మా గ్రూపులో ఆవిడని ఎరగనివాళ్ళు తక్కువ. అందరికీ ఆవిడ 'అత్తమ్మ'. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నది కూడా వాళ్ళే. రాస్తున్నాను గానీ, పోయినవాళ్ళని మెచ్చుకుంటూ రాసే మాటల్ని ఆవిడ అసలు నమ్మేవారు కాదు. ఎవరి సంతాప సభకి వెళ్ళొచ్చినా చెప్పులు విడుస్తూనే, "బతికున్నప్పుడు గీ ముచ్చట ఒక్కరన్న చెప్పిండ్రా?" అనేవారు. అందుకని ఉన్నదున్నట్టే రాస్తాను.

మాది తెనాలి వైపు. మావారివాళ్ళు లింగంపల్లి దగ్గర పుట్టి పెరిగినవాళ్ళు. ఇప్పుడు అద్దాల మేడలున్నచోట వాళ్ళకి జొన్నచేను ఉండేదట. అది అమ్మి, మా మామగారు బతికుండగా ఒక ప్లాటు కొన్నారు. అమ్మినాయన తెల్లబట్టలు, తియ్యటి మాటలు, ఒక్క మరక లేని కాగితాలు. తీరా ఇల్లు కడదామని వెళితే అక్కడ వేరేవాళ్ళు పునాది తీస్తున్నారు. అదే ప్లాటు వాళ్ళకీ అమ్మాడు మహానుభావుడు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి వదులుకున్నారు. అప్పట్నుంచీ మా అత్తగారిది ఒకటే మాట: "కాయితం సాఫ్‌గ ఉన్నదంటే జర భయపడాలె." పాలప్యాకెట్టు నుంచి పెళ్ళి సంబంధం దాకా అన్నిటికీ ఆవిడ దగ్గర అదే కొలత.

అలాంటి ఇంటికి నేను కోడలిగా వెళ్ళాను. మర్యాదగా "అత్తయ్యగారూ" అని పిలిచాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గారూ గీరూ వద్దు, పైకి అంత మర్యాద చేసేవాళ్ళంటేనే తనకి గుబులన్నారు. ఆ రోజే "అత్తమ్మా" అనడం నేర్చుకున్నాను. దానికితోడు నా సామాను. అందరి కోడళ్ళూ బీరువా తెచ్చుకుంటే నేను అట్టపెట్టెల నిండా బొమ్మలు తెచ్చుకున్నాను. చదువుకుని, మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఆడపిల్ల బొమ్మలు కొనుక్కుంటుందంటే ఆవిడ నమ్మలేదు. ఇది ఏదో చిట్టీల వ్యవహారమో, లోపల బంగారం దాచిందో అని చాలాకాలం అనుమానపడ్డారు. నేను ఆఫీసుకి వెళ్ళాక ఒక్కో బొమ్మనీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేవారని మావారే నాకు చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సెకండ్‌హ్యాండ్ బొమ్మ కొనేటప్పుడు అది అసలుదో నకిలీదో చూసుకోవడం పెద్ద పని. పాదం కింద కంపెనీ గుర్తు చూడాలి. కంటి దగ్గర రంగు గీత దాటిందేమో చూడాలి. మోకాలు తిప్పితే బిగువుగా తిరగాలి, ప్లాస్టిక్ వాసన ముక్కు మండించకూడదు. నేను వంటింటి బల్ల మీద ఇదంతా చేస్తుంటే మా అత్తగారు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ చూసేవారు. ఆ బొమ్మని కాదు, నన్ను. కొన్నాళ్ళకి నాతోపాటు కొనడానికి కూడా రావడం మొదలుపెట్టారు. సాయానికి కాదు సుమండీ, నిజంగా బొమ్మలే కొంటున్నానో లేదో చూడ్డానికి.

ఒకసారి మాదాపూర్ మెట్రో కింద ఒకతను పాత సూపర్‌హీరో బొమ్మ తెచ్చాడు. చిన్నప్పట్నుంచీ దానితోనే ఆడుకున్నానని, వదలాలంటే ప్రాణం పోతోందని తెగ చెప్పాడు. గుర్తు సరిగ్గానే ఉంది, రంగు సరిగ్గానే ఉంది. నేను పర్సు తీశాను. మా అత్తగారు బొమ్మని చీర కొంగు కింద దాచి, దీనికి ఏ చెయ్యి వదులు నాయనా అని అడిగారు. అతను తడబడి, రెండూ గట్టిగానే ఉన్నాయన్నాడు. ఎడమ చెయ్యి ఊడి రావడానికి సిద్ధంగా ఉంది. చిన్నప్పట్నుంచీ ఆడుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా అని ఆవిడ బొమ్మని అతని చేతిలో పెట్టేశారు. తర్వాత అలాంటి నకిలీలే ఇంకో ఇద్దరికి అమ్మి దొరికిపోయాడతను. మా గ్రూపులో ఆవిడకి పేరొచ్చింది అప్పుడే. ఎవరు ఏది కొనాలన్నా "అత్తమ్మని తీసుకురా" అనేవారు. నాకు గర్వంగానే ఉండేది. ఒక్కటే బాధ, ఇంటికొచ్చాక ఆ చూపు మళ్ళీ నా మీదికే తిరిగేది. ఉప్పు డబ్బా జరిపినా ఎందుకు జరిపావని అడిగేవారు.

ఆ చూపుతోనే ఒకసారి పొరపాటు చేశారు. చిన్నప్పుడు మా కజిన్ ముట్టుకోనివ్వని బొమ్మ ఒకటి ఉండేది. దాని కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నాను. ఉద్యోగం పోయి హాస్టల్ ఖాళీ చేయబోతున్న ఒక కుర్రాడి దగ్గర అది దొరికింది. సీలు కూడా విప్పలేదు. డబ్బా మూల నలగలేదు, అట్ట రంగు వెలిసిపోలేదు. మా లెక్కలో సీలు విప్పనిదానికే విలువ, విప్పితే మామూలు బొమ్మే. మా అత్తగారు డబ్బాని అటూ ఇటూ తిప్పి, ఇన్నేళ్ళ వస్తువు ఇంత సాఫ్‌గా ఎట్లుంటుందని, విప్పి చూపించమని పట్టుబట్టారు. ఆ కుర్రాడు విప్పనన్నాడు. విప్పనంటున్నాడంటే లోపల ఏదో ఉందన్నారావిడ. పాపం అతని మొహం ఎర్రబడింది. "నేను దొంగలా కనిపిస్తున్నానా ఆంటీ?" అని డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా మా గ్రూపులోనే ఇంకొకరు దాన్ని కొన్నారు. అది నిఖార్సైన అసలు బొమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. బొమ్మ పోయినందుకు కాదు నా కోపం. మరక లేకపోవడమే ఆ డబ్బా చేసిన తప్పయితే, ఆ ఇంట్లో నేను చేసిన తప్పూ అదే కదా అనిపించింది.

"నేనూ సాఫ్‌గానే ఉన్నాను కదా అత్తమ్మా, నన్నూ విప్పి చూస్తే గానీ నమ్మరా?" అనేశాను.

మావారు తలెత్తలేదు. మా అత్తగారు మజ్జిగ కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

మర్నాడు పొద్దున్నే సర్వపిండి చేసి డబ్బాలో సర్ది, నన్ను ఆ హాస్టల్‌కి తీసుకెళ్ళమన్నారు. ఆ కుర్రాడు కిందికి రావడానికే అనుమానించాడు. వచ్చాక, ఇది ఎందుకు తెచ్చారు, ఇప్పుడేం కావాలి అని అడిగాడు. ఆవిడ తప్పు తనదేనని, తిట్టాలంటే తిట్టమని చెప్పి డబ్బా చేతిలో పెట్టారు. అతను మూత తీసి వాసన చూసి, ముందు ఒక చిన్న ముక్క తుంచి కొరికాడు. మా అత్తగారు నా వైపు తిరిగి, "పిలగాడు మంచిగనే తయారైతున్నడు" అని మెచ్చుకున్నారు. దారిలో ఆటోలో ఇద్దరం తెగ నవ్వుకున్నాం. కానీ రాత్రి నేనడిగినదానికి మాత్రం ఆవిడ ఆరోజూ జవాబు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు. అడిగి చెప్పించుకున్న జవాబుని ఆవిడ కోడలినైన నేను మాత్రం ఎలా నమ్మేది?

ఈ మధ్య కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరారు. అక్కడ ఆవిడతో వేగడం నర్సుల తరం కాలేదు. సెలైన్ సీసా మీది తేదీ చదివించుకునేవారు. రక్తం తీస్తే, ఎంత తీశారు, ఎటు పట్టుకెళ్తున్నారు అని ఆరా. టాబ్లెట్ ఇస్తే పెదవులు బిగించేసేవారు. సొంత కొడుకు ఇచ్చినా అంతే. "కోడలు చూసిందా?" అని అడిగేవారట. నేను ఆఫీసు నుంచి వచ్చి, స్ట్రిప్ మీద పేరూ తేదీ చూసి, సరిగ్గానే ఉందత్తమ్మా అంటేనే మింగేవారు. నాకు విసుగొచ్చేది. నన్ను పనివేళల్లో కూడా ఉరుకులు పెట్టించడానికి ఇదొక ఎత్తేమో అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆవిడ అనుమానం నాకూ బాగా అంటుకుంది.

ఆవిడ పోవడానికి ముందు ఒక సాయంత్రం ఫ్లైఓవర్ మీద బళ్ళు కదలక చాలా ఆలస్యంగా చేరాను. మధ్యాహ్నం వేయాల్సిన టాబ్లెట్ ట్రేలో అలాగే ఉంది. మీ అత్తగారితో మీరే పడండి అని నర్సు ట్రే నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. నేను స్ట్రిప్ తీసి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్షరాలు మరీ చిన్నవి. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అప్పటికే నోరు తెరిచి ఉన్నారు.

"ఆగండత్తమ్మా, ఇంకా చూడలేదు" అన్నాను.

"నీ చేతిల ఉన్నది గద బిడ్డా. ఇంకేం చూస్తవ్" అన్నారు.

అది జ్వరంలో అన్న మాటేమో, నీరసానికి ఓపిక లేక అన్నారేమో అని నాకు ఇప్పటికీ అనుమానం వస్తూనే ఉంటుంది. అప్పుడు మాత్రం ఏమీ తోచలేదు. కళ్ళు మసకబారి, స్ట్రిప్ మీది పేరు ఎంత వెలుగుకేసి పట్టినా కనిపించలేదు. మంచం మీద ఆవిడ కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని, అలాగే ఎదురుచూస్తున్నారు.