సుభాషిణి అరుగు

జనగామ బజారులో దత్తాత్రేయది కిరాణా దుకాణం. వెనకే ఇల్లు. ఒక్కగానొక్క కూతురు సుభాషిణి. మాట సరిగా రాదని తెలియకముందు పెట్టిన పేరది. మెడ నిలవదు, చేతులు చెప్పినట్టు వినవు, నడక లేదు. అన్నీ అర్థమవుతాయి. చుట్టాలొస్తే ఆమెను బియ్యం బస్తాల గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసేవారు. అవతలి నవ్వులు వింటూ పడుకునేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు మొదలయ్యేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. బందులతో దుకాణం మూతపడింది. దత్తాత్రేయ పొద్దంతా ఇంట్లో ఉండటం అదే మొదలు. ఒక మధ్యాహ్నం కూతురు ఆయనవైపు చూసి ఏదో అంది. మళ్లీ అంది.

"ఏమంటాందే?" అని భార్య ఈశ్వరమ్మను అడిగాడు.

"బయట కూసుంటదట. రోజు అడుగుతది. మీరెప్పుడు ఇన్నరు?"

ఆయన లేచాడు. పిల్లను ఎత్తుకొచ్చి, దుకాణం అరుగు మీద దిండుకు ఆనించి కూర్చోబెట్టాడు. బజారులో ఎండ, ఒక కుక్క తప్ప ఏమీ లేవు. చీకటి పడేదాకా ఆమె లోపలికి రానంది.

దుకాణం తెరిచాక కూడా ఆమెకు అక్కడే పరుపు వేశాడు. దత్తాత్రేయ అన్న రాజయ్య కోప్పడ్డాడు.

"పొద్దుగాల గీ పిల్ల మొఖం జూస్తె గిరాకి వస్తదా? లోపట పండవెట్టు."

"రాకుంటె మానె. బిడ్డ ఈడనె ఉంటది."

కొందరు నిజంగానే రావడం మానేశారు. వచ్చినవాళ్లు ఆమె ఎదుటే, "పిల్లకు ఏమన్న తెలుస్తదా?" అని తండ్రిని అడిగేవారు. తన ఈడు పిల్లలు పుట్నాలు కొనుక్కుని బడికి పోతుంటే, మలుపు తిరిగేదాకా చూసేది. దుకాణంలో పప్పులు చెరిగే ఐలమ్మ ఒక్కతే ఆమెతో మాట్లాడి, జవాబు వచ్చేదాకా చేట ఆపేది. ఐలమ్మ బచ్చన్నపేటలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక సుభాషిణి చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

ఎనభై మూడులో రాజయ్య కొడుకు పెళ్లి.

"అందరు రార్రి. సుభాషిణిని మాత్రం తేకుర్రి. కొత్త చుట్టాలు ఏమనుకుంటరో" అన్నాడు రాజయ్య.

దత్తాత్రేయ పోనన్నాడు. ఒక్కరైనా పోకపోతే బంధుత్వం తెగిపోతుందని ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుంటూ తయారైంది.

"నాకు గూడ కొత్త చీర కట్టమ్మా" అంది సుభాషిణి.

ఈశ్వరమ్మ కట్టింది. పూలు కూడా పెట్టి వెళ్లింది.

దూరంగా బ్యాండు మోగుతోంది. తండ్రీకూతుళ్లు అరుగు మీద కూర్చున్నారు. ఎండ తిరిగాక ఉప్పు కోసం ఒక పల్లెటూరి ముసలమ్మ వచ్చింది. కొత్త చీర చూసి, "ఇయ్యాల ఏం పండుగ బిడ్డా?" అని సుభాషిణినే అడిగింది.

సుభాషిణి చెప్పింది. ముసలమ్మకు అర్థం కాలేదు. దత్తాత్రేయ నోరు తెరవబోయి ఊరుకున్నాడు. ఆమె మళ్లీ చెప్పింది, ముఖమంతా చెమట పట్టేలా.

"పెండ్లా? ఎవలది బిడ్డా?" అంటూ ముసలమ్మ అరుగు మీద కూర్చుంది.

"మా అన్నది" అంది సుభాషిణి.